ఉద్దానం కంచం మీద ఎన్ని తీర్పులు!

ఆరోగ్యంగా తినాలని నిశ్చయించుకున్న మనిషికి నాలుగు రోజులు తిరక్కుండానే పక్కవాడి కంచం కనబడటం మొదలవుతుంది. తెల్లన్నం మానేసినవాడికి అన్నం తినేవాళ్లంతా అమాయకుల్లా, ఉప్పు తగ్గించినవాడికి ఆవకాయ కలుపుకునేవాళ్లంతా మొండివాళ్లలా తోస్తారు. పెళ్లి పందిట్లోనో ఆఫీసు క్యాంటీన్లోనో అయితే ఈ చూపు మాటామాటా అనుకోవడంతో పోతుంది. పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికొకరికి కిడ్నీలు దెబ్బతిన్న చోట మాత్రం దాని బరువే వేరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో "ఏటి తిని తెచ్చుకున్నాడో" అన్న ఒక్క మాట చాలు, రోగి దోషి అయిపోతాడు.

ఉద్దానం తిండి మీద ఇంతవరకూ పడిన నిందలేమిటి, వాటిలో రుజువుకు నిలిచిందెంత, పక్కవాడి కంచం గురించి నోరు విప్పే హక్కు ఎవరికి ఎంతవరకు ఉంది అన్న మూడు ప్రశ్నలను ఇక్కడ కలిపి చూద్దాం.

తోటల సీమకు పట్టిన జబ్బు

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న కొబ్బరి, జీడి, పనస తోటల పట్టీ ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం అనే ఏడు మండలాలను ఆ పేరుతో కలిపి చెబుతారు. దక్షిణాన ఆనుకునే టెక్కలి ప్రాంతం. జీడిపప్పు అనగానే తెలుగువాళ్లకు పలాస, కాశీబుగ్గ గుర్తుకొస్తాయి. పచ్చదనంలో కోనసీమతో పోటీపడే ఈ నేలలోనే గత మూడు, నాలుగు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టి పీడిస్తోంది.

విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలో పనిచేసిన కిడ్నీ వైద్య నిపుణుడు డాక్టర్ టి. రవిరాజు బృందం చేసిన సర్వే 2019లో 'కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్' పత్రికలో అచ్చయింది. 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతం పైచిలుకు మందిలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనబడింది. వాళ్లలో దాదాపు మూడొంతుల మందికి మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణమేదీ లేదు. ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ బృందం చేసిన మరో సర్వే 2020లో అదే పత్రికలో వచ్చింది. అందులోనూ లెక్క ఐదో వంతు ప్రాంతంలోనే తేలింది.

సామాన్యంగా కిడ్నీ జబ్బు షుగరు, బీపీల వెంట వస్తుంది. అలాంటి రోగికి "తిండి అదుపులో పెట్టుకో" అని చెప్పడానికి కొంత ఆధారమైనా ఉంటుంది. ఉద్దానం రోగుల్లో ఎక్కువమందికి ఆ రెండూ లేకుండానే కిడ్నీలు పాడయ్యాయి. చాలామందిలో చివరి దశ వరకు లక్షణాలూ బయటపడవు. కారణం తెలియని జబ్బు ఉన్నచోట జనం కారణాన్ని తామే కల్పించుకుంటారు. అందుకు కళ్లెదుట దొరికే మొదటి వస్తువు తిండి.

తిండి మీద మోపిన నేరాలు

మొదటి ముద్దాయి ఎండుచేప. కవళ్లు, నెత్తళ్లు, సావళ్లు లేని వంటిల్లు తీరంలో అరుదు. "ఉప్పుచేప తిని కిడ్నీ పాడుచేసుకుంటున్నారు" అని పట్నం నుంచి వచ్చినవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుందన్నది నిజం. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదీ నిజమే. అయితే నెత్తళ్లలాంటి చిన్న చేపలను చాలాచోట్ల ఉప్పు పట్టించకుండానే ఇసుకలో ఎండబెడతారు. ఉప్పు పడేది ఎక్కువగా పెద్ద చేపకు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఎండుచేప ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా కోస్తా అంతటా తింటారు, జబ్బు మాత్రం ఆ పొడవునా ఒకేలా లేదు. సముద్రం చూడని ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ ఇలాంటి కిడ్నీ జబ్బే ఉంది. అక్కడ ఎండుచేప బదులు నాటుసారా మీద నింద పడింది. ఊరు మారితే నేరమూ మారుతోందంటే ముందు అనుమానించాల్సింది ఆ ఆరోపణనే.

రెండో ముద్దాయి బియ్యం. ఒకప్పుడు ఉత్తరాంధ్ర పేదింటి పొయ్యి మీద చోడంబలి, గంటె సంకటి ఉండేవి. అవి తినేవాళ్లను అన్నానికి గతిలేనివాళ్లుగా చూసేవారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చాక వరి అన్నం పేదవాడి కంచంలోకి వచ్చింది. అది కడుపు నింపడంతోపాటు పరువూ నిలిపింది. ఇప్పుడు 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, రేషన్ బియ్యం కంటే ఎన్నో రెట్లు ధర పెట్టి కొర్రలు, సామలు కొనుక్కునేవాళ్లు "అన్నం తినబట్టే మీకు ఈ జబ్బులు" అని బోధిస్తున్నారు. అంబలి తాగిననాడు తప్పే, అన్నం తిన్ననాడూ తప్పే. తీర్పు తిరగబడింది గానీ ముద్దాయి మారలేదు. తిండి తీర్పులన్నిటిలోనూ వెతికితే ఈ లక్షణం దొరుకుతుంది.

మూడోది నీళ్లు. బోరు నీటిలో సిలికా ఎక్కువని, భారలోహాలు ఉన్నాయని, తోటల్లో చల్లిన పురుగుమందులు దిగాయని రకరకాల వాదాలు వచ్చాయి. భారత వైద్య పరిశోధన మండలి మొదలు హార్వర్డ్ నిపుణుల దాకా ఎందరో వచ్చి చూశారు. ఏ ఒక్క పదార్థమూ ఒంటరిగా దోషిగా నిలబడలేదు. అయినా నీటిని మార్చడం మంచిదని తలచి హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి శుద్ధి చేసిన నీరిచ్చే పథకం కట్టారు. 2023 డిసెంబరులో దాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రాన్ని ఒకేసారి ప్రారంభించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎండుచేప తినడం ఇంటివాళ్ల ఎంపిక అనొచ్చు. ఊరి బోరు నీళ్లు తాగడం ఎంపిక అనలేం.

నాలుగోది నొప్పి మాత్రలు. ఎండలో కొబ్బరిచెట్లెక్కి దిగేవాళ్లు, జీడితోటల్లో వంగి పిక్కలు ఏరేవాళ్లు, పప్పు ఒలిచే పనిలో గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లు ఒళ్లు నొప్పులకు దుకాణంలో ఓ మాత్ర కొని వేసుకుంటారు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ రకం మందులు కిడ్నీకి చేటన్నది వైద్యంలో స్థిరపడిన విషయం. దీన్నీ రోగి అజ్ఞానం కింద కొట్టేసేవాళ్లున్నారు. మర్నాడు కూలికి వెళ్లక తప్పని మనిషికి ఆ మాత్ర ఆ పూట పనిముట్టు. డాక్టరు చీటీ లేకుండా అమ్మినవాణ్ని వదిలి, కొనుక్కున్నవాణ్ని తిట్టడంలో న్యాయం లేదు.

మొత్తం మీద, ఉద్దానం వాసి ఇష్టపడి తినే ఫలానా పదార్థం వల్లే ఈ జబ్బు వస్తోందని ఇప్పటివరకు ఏ అధ్యయనమూ తేల్చలేదు.

బయటి ప్రపంచం నేర్పేది

ఇలాంటి జబ్బులు మరికొన్ని చోట్లా ఉన్నాయి. ఎల్‌సాల్వడార్, నికరాగ్వాల చెరకు కూలీల్లో, శ్రీలంకలో అనూరాధపురం, పొలొన్నరువ వైపు వరి రైతుల్లో కారణం అంతుచిక్కని కిడ్నీ వ్యాధి వేలమందిని బలిగొంది. మధ్య అమెరికాలో పరిశోధకులు ఎక్కువగా వేలు చూపింది మండుటెండలో విరామం లేని చాకిరీ వైపు. చెరకు నరికేవాళ్లకు తాగునీరు, నీడ, విశ్రాంతి కల్పించిన చోట కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గిందని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మార్పు పని పద్ధతిలో తెచ్చినదే, దానికి కూలివాడి కంచంతో నిమిత్తం లేదు.

తిండే కారణమని నిజంగా తేలిన ఉదాహరణ కూడా ఒకటుంది. బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియాలలో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో ఒక కిడ్నీ వ్యాధిని 1950లలో గుర్తించారు. నీళ్లన్నారు, బూజు పట్టిన ధాన్యం అన్నారు, లోహాలన్నారు. గోధుమ చేలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా అనే మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని 1969లో ఇవిచ్ అనే పరిశోధకుడు అనుమానించాడు. 2007లో గ్రోల్‌మన్ బృందం రోగుల కిడ్నీ కణజాలంలోనే ఆ విషం ఆనవాళ్లు చూపించింది. అర్ధశతాబ్దం తర్వాత తేలిన దోషి రొట్టెలో దొరికింది. అయినా ఆ రొట్టె తిన్నవాళ్ల తప్పేమీ లేదు. తమ పొలంలో పండిన పిండితో అందరిలాగే రొట్టె చేసుకు తిన్నారు, అంతే.

అదే మొక్క కుటుంబం ఇంకోచోట ఇంకో కథ నడిపింది. 1990లలో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్కు వెళ్లిన ఆడవాళ్లకు చైనా మూలికలతో చేసిన మాత్రలిచ్చారు. వాడాల్సిన మూలిక స్థానంలో అరిస్టొలోకియా చేరింది. వాన్‌హెర్‌వెఘెమ్ బృందం 1993లో లాన్సెట్ పత్రికలో దీన్ని బయటపెట్టింది. చివరికి వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామంది డయాలసిస్ దాకా, కిడ్నీ మార్పిడి దాకా వెళ్లారు. వాళ్లంతా ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లే, ఆరోగ్యం కోసమే ఆ మాత్రలు మింగారు. మన పల్లెల్లో మందుమొక్కలుగా పేరున్న గాడిదగడపాకు, నల్లేశ్వరి ఆ అరిస్టొలోకియా జాతివే కనుక పసరు మందుల్ని "సహజం" అన్న ఒక్క ధైర్యంతో మింగేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. శ్రద్ధగా తినేవాడికి జబ్బు రాదని, జబ్బు వచ్చినవాడు అశ్రద్ధగా తిన్నాడని వేసే లెక్క రెండువైపులా తప్పుతుంది.

ఒకరి పథ్యం ఒకరికి అపథ్యం

తెలుగునాట ఆరోగ్యాహార ప్రచారం చిన్నది కాదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని వంటను, పచ్చి కూరలను, మొలకలను ఇళ్లకు చేర్చారు. 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ అన్నం పక్కనపెట్టి కొబ్బరినూనె వంటి కొవ్వుల మీద నడిపే పద్ధతితో ఊరూరా సభలు నింపారు. 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలి కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలను సిరిధాన్యాలుగా ప్రచారంలోకి తెచ్చారు. ఒకరు నూనె వద్దంటే మరొకరు నూనే మందన్నారు. ముగ్గురి అనుచరులూ ఒకే ఇంట్లో ఉంటే వంటింట్లో మూడు పొయ్యిలు వెలిగించాల్సిందే. బోధకుల సంగతి అటుంచి, అనుచరుల్లో చాలామంది తమకు సరిపడిన పద్ధతినే అందరికీ ధర్మశాస్త్రం చేశారు.

ఆ ధర్మశాస్త్రం ఉద్దానంలో ఎలా తలకిందులవుతుందో చూడండి. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతుడికి కొబ్బరినీళ్లకు మించిన పానీయం లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాడికి ఆ బోండాంలోని పొటాషియమే ప్రమాదం. బయటికి పోవాల్సింది ఒంట్లో నిలిచిపోయి గుండె లయ తప్పిస్తుంది. పనస, అరటి విషయంలోనూ ఇదే జాగ్రత్త. కొబ్బరి, పనస చెట్ల కింద పుట్టి పెరిగినవాణ్ని వాటికి దూరంగా ఉండమనడం ఎంత కష్టమో చెప్పేవాళ్లకు తెలియాలి.

నీళ్ల సంగతీ అంతే. "రోజుకు నాలుగు లీటర్లు తాగు" అన్న సలహా తోటపనివాడికి పనికొస్తుందేమో. డయాలసిస్ మీద ఉండి మూత్రం సరిగా రానివాడు వైద్యుడు కొలిచి చెప్పినంతే తాగాలి, మించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నవాడికి "నీళ్లు తాగకపోబట్టే నీకిది వచ్చింది" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

గుడ్డు విషయం మరీ విచిత్రం. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగికి కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలంటారు. డయాలసిస్ మొదలయ్యాక అందులో కొంత పోతుంది కనుక 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినమంటారు. యాభై కిలోల మనిషికి నలభై గ్రాములున్నది యాభై, అరవై అవుతుందన్నమాట. ఒకే ఇంట్లో తండ్రికి గుడ్లు తగ్గించమని, కొడుకుకు పెంచమని వైద్యుడు చెప్పే సందర్భాలు వస్తాయి. బయటినుంచి చూసేవాడికి తండ్రికి పెట్టకుండా కొడుకు తింటున్నట్టు కనబడుతుంది.

ఉప్పులోనూ కొత్త చిక్కొచ్చింది. సోడియం తగ్గించిన ఉప్పును గుండెకు మంచిదని ఇప్పుడు కొనుక్కుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో దాన్ని సిఫారసు చేసినా, కిడ్నీ జబ్బున్నవాళ్లకు అది వర్తించదని అక్కడే చెప్పింది. సోడియం తీసిన చోట పొటాషియం చేర్చడమే కారణం. పట్నం నుంచి కోడలు ప్రేమతో తెచ్చిన ఉప్పు పాకెట్టు మామగారికి చేటు చేయొచ్చు. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు వార్చేస్తే పొటాషియం తగ్గుతుంది. "పోషకాలన్నీ పారబోస్తున్నావు" అని పక్కింటివాళ్లు దెప్పే ఆ పనే రోగికి రక్ష.

ఎందుకు తూస్తాం?

అమెరికాలోని అరిజోనాలో స్టైన్, నెమెరాఫ్ అనే మనస్తత్వ పరిశోధకులు 1995లో ఒక అధ్యయనం అచ్చువేశారు. మిగతా వివరాలన్నీ ఒకేలా ఉంచి, తిండి ఒక్కటే మార్చి ఇద్దరు మనుషుల్ని వర్ణిస్తే, విద్యార్థులు ఆరోగ్యకరమైన తిండి తినే మనిషిని నీతిమంతుడిగా, రెండో మనిషిని అంతకన్నా తక్కువగా లెక్కగట్టారు. కంచంలో ఉన్నదాన్ని బట్టి గుణం కట్టడం మనొక్కరి అలవాటే కాదన్నమాట. మన దగ్గర దానికి కులం తోడవుతుంది. 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసాహారులే. అయినా ఎండుచేప వాసన వచ్చే ఇంటికి, నెయ్యి వాసన వచ్చే ఇంటికి మనం ఇచ్చే మర్యాద ఒకటి కాదు. ఆరోగ్యం పేరుతో మాట్లాడేటప్పుడు ఈ పాత తూనికరాళ్లే కొత్త గుడ్డ కప్పుకుని వస్తాయి.

ఇంకో కారణం భయం. పక్కింటాయనకు జబ్బు వచ్చింది. ఆయన ఏదో తప్పు తిన్నాడనుకుంటే, ఆ తప్పు చేయని నాకు రాదన్న ధైర్యం చిక్కుతుంది. ఉద్దానంలాంటి చోట ఈ ధైర్యం అందరికీ అవసరమే. కానీ దాని ఖర్చు రోగి భరిస్తున్నాడు. జబ్బు ఉన్న ఊళ్లతో సంబంధం కలుపుకోవడానికి పెళ్లివారు వెనకాడుతున్నారని పత్రికలు ఏళ్లుగా రాస్తున్నాయి. పేరు చెడుతుందని పరీక్ష దాచుకునేవాడు, దాచినకొద్దీ ఆలస్యంగా ఆస్పత్రికి చేరతాడు. ఈ జబ్బులో ఆలస్యమంటే కిడ్నీ పోవడమే. వంట చేసేది ఆడవాళ్లు కనుక నింద చివరకు వాళ్ల గరిటె మీదే వాలుతుంది. మొగుడికి రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగినా తప్పు ఆవిడదే, ఆవిడకే పెరిగినా తప్పు ఆవిడదే.

మరి చెప్పకూడదా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తీర్పు చెప్పొద్దంటూ అందరూ నోరు మూసుకుంటే, ఉప్పు, పొగాకు, సారా, నొప్పి మాత్రలు నిజంగా చేసే హాని గురించి చెప్పేదెవరు? జబ్బు వచ్చాక పథ్యం పాటిస్తే డయాలసిస్‌ను కొంతకాలం వెనక్కి నెట్టవచ్చన్నది నిజం. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఉద్దానంలోనూ ఉన్నారు, వాళ్లకు తిండి అదుపు మందుతో సమానం. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం.

తేడా ఎక్కడుందంటే, సలహా రక్తపరీక్ష కాగితం చూశాక మొదలవుతుంది. తీర్పు కంచం చూడగానే మొదలవుతుంది. సలహా ఇచ్చేవాడు "ఎండుచేప మానెయ్" అని ఊరుకోడు. ఉప్పుచేపను నానబెట్టి కడగడమో, ఉప్పు లేకుండా ఎండబెట్టినది తెచ్చుకోవడమో చెబుతాడు, దానికి ఎంత ఖర్చవుతుందో కూడా ఆలోచిస్తాడు. మనిషికి నెలకు 5 కిలోల రేషన్ బియ్యం మీద బతికే ఇంట్లో పథ్యం అంటే కొనాల్సినవాటి జాబితానే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు ఎన్నో ఇళ్లలో రాబడి పోయింది. చెట్టు పోయిన ఇంటికి తిండి ఎంపికల గురించి ఉపన్యాసమివ్వడం వ్యర్థం.

ప్రభుత్వం చేసింది కొంత ఉంది. పలాస, సోంపేట, టెక్కలి ఆస్పత్రుల్లో డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఇవి జబ్బు ముదిరాక ఆదుకునేవి. ముదరకముందు ఒక్కో రోగి నివేదిక చూసి, వాళ్ల వంటింటి భాషలో, వాళ్లకు అందే ధరలో ఏం తినాలో చెప్పే పథ్య నిపుణులు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ కావాలి. చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మే దుకాణాల మీద నిఘా కావాలి. తోటల్లో, జీడి బట్టీల దగ్గర తాగునీరు, నీడ, విరామం పని హక్కుగా రావాలి. తూచాల్సినవి ఇవి.

ఉద్దానం మనిషి ఏం తింటున్నాడో ముప్పై ఏళ్లుగా అందరూ చూశారు. ఏం తాగుతున్నాడో, ఎంత ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తున్నాడో, ఏ మందు ఎవరు అమ్మితే కొంటున్నాడో అంత పట్టుదలగా చూసినవాళ్లు తక్కువ. ఆరోగ్యంగా తినాలనుకోవడం మంచి అలవాటు, దాన్ని మీ కంచం వరకు మానకండి. ఉద్దానంలో మీ బంధువులుంటే "ఏం తింటున్నావు" అని అడిగే ముందు "క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించావు" అని అడగండి. చేయించకపోతే తోడు వెళ్లి చేయించండి.